గాలి దారి, నీటి దారి: గోడ ఏసీని శుభ్రంగా ఉంచుకోవడం

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్నది గోడకు బిగించే ఏసీ లోపలి యూనిట్. ముందు మూతనూ ఫిల్టర్లనూ తీసి పక్కన పెట్టాను. ఇది మూడేళ్లు ఒక పడక గదిలో పనిచేసింది. ఆ మూడేళ్లలో ఇంటివారు ఫిల్టర్లను అప్పుడప్పుడు కడిగారు గానీ, వాటి వెనుక ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. మూత పెట్టి చూస్తే ఇప్పటికీ కొత్తదానిలా తెల్లగా మెరుస్తుంది. మూత తీసి, గాలి బయటికి వచ్చే ఈ సందులోకి టార్చి వేస్తే, గాలిని గదిలోకి విసిరే, రోకలిలా పొడవుగా ఉన్న బ్లోవర్ రెక్కల మీద నల్లటి మెత్తని పొర కనిపిస్తుంది. ఆ గదిలో నిద్రించినవారు రాత్రంతా పీల్చిన గాలి ఆ పొరను ఒరుసుకుంటూ వచ్చినదే.

చాలా కాలంగా నేను ఈ యంత్రాలను విప్పి, కడిగి, తిరిగి బిగించే పనిలో ఉన్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేర్పుతున్నాను కూడా. చల్లదనం తగ్గిందని కబురు చేసినవారిలో ఎక్కువమంది మొదట అనే మాట, "గ్యాస్ అయిపోయినట్టుంది, నింపండి" అని. విప్పి చూస్తే చాలాసార్లు గ్యాస్ ఉండవలసినంతే ఉంటుంది. గాలి తిరగవలసిన దారి మూసుకుపోయి ఉంటుంది, లేదా నీరు పోవలసిన దారి పూడుకుపోయి ఉంటుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఈ రెండు దారుల గురించే. గ్యాస్ సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

ఏసీ అనగానే మనకు చల్లదనం గుర్తుకు వస్తుంది గానీ, ఈ యంత్రం పుట్టింది తేమను వదిలించుకోవడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. గాలిలోని తేమ మారినప్పుడల్లా కాగితం సాగడం, ముడుచుకోవడం వల్ల అచ్చులో రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చునేవి కావు. ఆ చిక్కును విప్పే పని విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చేతికి వచ్చింది. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపితే అందులోని తేమ నీరుగా మారి జారిపోతుందన్న సూత్రంతో ఆయన చేసిన ఏర్పాటు నేటి ఏసీలకు మూలమైంది. చల్లటి నీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టడం మనం రోజూ చూసేదే. మీ గోడ మీది యంత్రంలోని చల్లని గొట్టాల వరుసకు, అంటే కాయిల్‌కు కూడా, నడిచినంతసేపూ అలాగే చెమట పడుతూ ఉంటుంది.

ఆ చెమట ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. ఏసీల విషయంలో టన్ను అన్నది యంత్రం బరువు కాదు. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో తొలగించగల శక్తికి ఆ పేరు పెట్టారు. అది సుమారు 3.5 కిలోవాట్లు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున ఒక టన్ను యంత్రం తన శక్తిలో దాదాపు మూడో వంతును ఆవిరిని నీరుగా మార్చడానికే ఖర్చు చేయవలసి వస్తుంది. కిలో ఆవిరి నీరు కావాలంటే సుమారు 2,450 కిలోజౌళ్ల వేడిని తీసివేయాలి. ఈ లెక్కన యంత్రం ఆగకుండా నడిస్తే గంటకు సుమారు లీటరున్నర, ఎనిమిది గంటల రాత్రికి పది పన్నెండు లీటర్ల నీరు వస్తుంది. అంటే మనం నిద్రపోతున్నప్పుడు మన తల పైన, కరెంటు తీగల పక్కన, ఒక బకెట్టెడు నీరు పుట్టి, ఒక సన్నని గొట్టంలోంచి బయటికి పోతున్నది. ఈ సంగతి మనసులో ఉంటే ఇక ముందు చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

గాలి లెక్క కూడా ఇలాంటిదే. టన్నుకు గంటకు సుమారు 600 నుంచి 700 ఘనపు మీటర్ల గాలి తిరగాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా పాటించే కొలత. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 48 ఘనపు మీటర్లు. కాబట్టి గదిలోని గాలి మొత్తం గంటకు పన్నెండు సార్లకు పైగా ఈ పెట్టె గుండా వెళ్లి వస్తుంది. బయటి గాలి ఇందులోకి రాదు. లోపలి యూనిట్‌నూ బయటి యూనిట్‌నూ కలిపేవి రెండు రాగి గొట్టాలు, కరెంటు తీగలు మాత్రమే. గదిలో ఉన్న గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది గనుక, మన చర్మం నుంచి రాలే పొడి, దుప్పట్ల నూలు పోగులు, వంటింటి నుంచి వచ్చే నూనె ఆవిరి, అన్నీ చివరకు ఈ తడి కాయిల్ దగ్గరికే చేరుతాయి. పొడి రేకు మీద వాలిన దుమ్ము ఊదితే పోతుంది. తడి రేకు మీద వాలిన దుమ్ము అక్కడే అంటుకుని, మరింత దుమ్మును పట్టి ఉంచుతుంది. నూనె ఆవిరి కలిస్తే ఆ పొర జిగటగా మారుతుంది. తడి, చీకటి, తినడానికి దుమ్ము ఉన్నచోట బూజు పుట్టడానికి ఇంకేమీ అక్కర లేదు. ఏసీ వేయగానే మొదటి నిమిషంలో వచ్చే ముక్కవాసన దాని గుర్తు.

ఇక ఫిల్టర్ విషయానికి వస్తాను. ఇది ప్రతి ఇంటివారూ స్వయంగా చేసుకోదగిన, చేసుకోవలసిన పని. ఏసీ రోజూ నడిచే కాలంలో రెండు వారాలకు ఒకసారి ఫిల్టర్‌ను తీసి చూడాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు జాలీ కన్నాలు స్పష్టంగా కనిపించకపోతే కడగవలసిన సమయం దాటిపోయిందన్నమాట. దుమ్ము పట్టిన వైపు మీద నీళ్లు గుమ్మరిస్తే ఆ దుమ్ము కన్నాల్లోకి మరింత దిగుతుంది. వెనుక వైపు నుంచి నీరు పోయాలి, అప్పుడు వచ్చిన దారినే వెళ్లిపోతుంది. నూనె జిడ్డు ఉంటే గోరువెచ్చని నీటిలో కాస్త పాత్రల సబ్బు చాలు. వేడినీటికి జాలీ చట్రం వంకర పోతుంది, వంకరపోయిన ఫిల్టర్ తన గాడిలో సరిగా కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము నేరుగా కాయిల్ మీదికి పోతుంది. అదే కారణంతో ఎండలో కాకుండా నీడలో, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే తిరిగి పెట్టాలి. ఆరేలోగా ఫిల్టర్ లేకుండా ఏసీ నడిపేవారిని చూశాను. ఒక్క రాత్రే కదా అనుకుంటారు, కానీ ఆ దుమ్ము మళ్లీ బయటికి రాదు. కొన్ని యంత్రాల్లో జాలీతో పాటు బొగ్గు పొర గల చిన్న ఫిల్టర్లు, సన్నని ధూళిని ఆపే ఫిల్టర్లు కూడా ఉంటాయి. వాటిలో చాలావాటిని నీటితో కడగకూడదు, కాలం తీరాక మార్చుకోవలసిందే. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మూత ఎత్తే ముందు రిమోట్‌తో ఆపితే సరిపోదు. రిమోట్‌తో ఆపిన యంత్రంలో బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. ప్లగ్గు తీయాలి, లేదా ఆ ఏసీకి ప్రత్యేకంగా ఉన్న ఎంసీబీని, అంటే కరెంటు పెట్టెలోని స్విచ్చును దించాలి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీల బోర్డుల్లో, కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లలో కరెంటు తీశాక కూడా కొన్ని నిమిషాలు ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. అందుకే ఆ బోర్డు ఉన్న మూతను ఇంటివారు అసలు విప్పకూడదు. స్టూలు మీద నిలబడి, తడి చేతులతో, తల పైకెత్తి చేసే పని ఇది. కరెంటు షాకు చిన్నదే అయినా దానివల్ల కింద పడడం చిన్నది కాకపోవచ్చు.

ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉంచినా కాయిల్‌కు మురికి పడుతుంది. జాలీ పోగులనూ వెంట్రుకలనూ ఆపుతుంది, సన్నని ధూళిని ఆపలేదు. ఈ కాయిల్‌ను దగ్గరగా చూస్తే, రాగి గొట్టాల మీద వరుసగా గుచ్చిన పలుచని అల్యూమినియం రేకులు కనిపిస్తాయి. ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. రెండు రేకుల మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ సందుల్లో దుమ్ము నిండితే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కాయిల్‌కు అందే వేడి తగ్గి, కాయిల్ మరీ చల్లబడి, చివరకు సున్నా డిగ్రీల కిందికి దిగి, జారిపోవలసిన నీరు అక్కడే మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన సందులను కూడా మూసేస్తుంది. యంత్రం ఆపాక అది ఒక్కసారిగా కరిగి, ట్రేలో పట్టక గోడ మీద కారుతుంది. ఇంటివారికి కనిపించేది కారే నీరు, వారు తిట్టేది పైపును, అసలు కారణం దుమ్ము. మంచు కట్టిందని చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో గీకడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఒక్క పోటుకు రాగి గొట్టం చిల్లు పడుతుంది. కూలింగ్ ఆపి, ఫ్యాన్ మాత్రమే నడిపితే కాసేపటికి దానంతట అదే కరుగుతుంది.

కాయిల్ ముందు వైపు పేరుకున్న పొడి దుమ్మును మెత్తని బ్రష్షుతో, రేకులు నిలిచి ఉన్న దిశలోనే, పై నుంచి కిందికి మెల్లగా తీయవచ్చు. అడ్డంగా గీస్తే రేకులు వంగిపోతాయి, వంగినచోట గాలి ఆగిపోతుంది. చేతికి తొడుగు వేసుకోండి. ఈ రేకుల అంచులు బ్లేడులా కోస్తాయి. కాయిల్ శుభ్రపరచే ద్రావణాలు వాడదలచినవారు ఆమ్లమూ క్షారమూ కాని వాటిని ఎంచుకోవాలి. ఘాటైన ద్రావణం మురికిని తొందరగా వదిలించి కళ్లకు తెల్లగా చూపిస్తుంది. అదే సమయంలో అల్యూమినియాన్ని కూడా కొంత తినేస్తుంది.

ఈ సందర్భంలోనే, తక్కువమందికి తెలిసిన ఒక సంగతి చెప్పాలి. రాగి గొట్టాలకు చీమలపుట్ట తుప్పు అనే జబ్బు ఉంది. గొట్టాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, చీమలు తొలిచిన పుట్టలోని దారుల్లా వంకర టింకర సొరంగాలు కనిపిస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. గాలి, తేమ, ఫార్మిక్ ఆమ్లం లేదా ఎసిటిక్ ఆమ్లం వంటివి స్వల్పంగా కలిసినచోట ఇది పుడుతుంది. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లమే. కొన్ని జిగురులు, కొత్త చెక్క సామాను, ఇల్లు తుడిచే కొన్ని ద్రావణాల నుంచి కూడా ఈ ఆవిర్లు వెలువడవచ్చు. సహజమైనదే కదా అని వెనిగర్‌ను కాయిల్ మీద చిమ్మమని చెప్పే చిట్కాలను నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. వెనిగర్‌నూ బ్లీచింగ్ ద్రావణాన్నీ కలపడం ఇంకా పెద్ద తప్పు. ఆ రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి రావచ్చు.

ఇక బ్లోవర్. నా దృష్టిలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే భాగం ఇదే. దీని చిన్న రెక్కలు ఒంపుగా, దోసిలిలా ఉంటాయి. ఆ ఒంపులోనే గాలిని పట్టి విసరగల గుణం ఉంది. ఆ ఒంపులో దుమ్ము పేరుకుని చదునైతే, మోటారు అంతే వేగంతో తిరిగినా గాలి విసురు పడిపోతుంది. మూత తీసి చూసినవారికి కాయిల్ శుభ్రంగానే కనిపిస్తుంది, ఫిల్టర్ కడిగే ఉంటుంది, అయినా మంచం దాకా గాలి రాదు. అప్పుడే గ్యాస్ మీద అనుమానం మొదలవుతుంది. మా ఇంట్లోనే ఒకప్పుడు ఇలా జరిగింది. నేను ఊళ్లో లేనప్పుడు వచ్చిన ఒక మెకానిక్ గ్యాస్ నింపి వెళ్లాడు, నెల తిరగకుండానే మళ్లీ నింపాడు. తిరిగి వచ్చాక నేను బ్లోవర్‌ను బయటికి తీసి కడిగితే గాలి మునుపటిలా వచ్చింది. అవసరానికి మించి నింపిన గ్యాస్‌ను తీసి సరైన తూకానికి తేవడానికి మాత్రం ఒక పూట పట్టింది. రెక్కల మీది మురికి అన్ని చోట్లా సమానంగా పట్టదు గనుక బరువు ఒకవైపుకు మొగ్గి, టకటకమనే చప్పుడు, అదురు కూడా మొదలవుతాయి. ఆ అదురు బేరింగును అరగదీస్తుంది.

బ్లోవర్‌ను బయటికి తీయకుండా సందులోంచి బ్రష్షుతో రుద్దడం వల్ల సగం పనే అవుతుంది. మంచి సర్వీసింగ్ చేసేవారు యూనిట్ కింద పెద్ద ప్లాస్టిక్ సంచీ కట్టి, బోర్డు భాగాన్ని నీరు తగలకుండా కప్పి, తక్కువ ఒత్తిడి గల జెట్ పంపుతో కాయిల్‌నూ బ్లోవర్‌నూ కడుగుతారు. మీరు పక్కన నిలబడి రెండు విషయాలు గమనించండి: బోర్డును కప్పారా, సంచీలోకి దిగిన నీరు నల్లగా మొదలై తేటపడే దాకా కడిగారా. నీరు ఇంకా నల్లగా వస్తుండగానే పంపు ఆపితే ఆ పని సగంలో ఉన్నట్టే. ఫిల్టర్ కడిగి, మూత తుడిచి, పది నిమిషాల్లో వెళ్లిపోయేదాన్ని సర్వీసింగ్ అనడానికి నాకు మనసొప్పదు.

నీటి దారి గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉంది గానీ, ఇళ్లలో ఎక్కువ గోడలు పాడయ్యేది దీనివల్లనే. కాయిల్ కింద ఉన్న సన్నని ట్రేలోకి నీరు దిగి, డ్రెయిన్ పైపు ద్వారా బయటికి పోతుంది. దాన్ని తోసే పంపు ఏదీ సాధారణంగా ఉండదు. వాలు ఒక్కటే ఆధారం. పైపు మధ్యలో ఎక్కడైనా పైకి లేచి మళ్లీ దిగితే, ఆ వంపులో నీరు నిలిచి, పాచి పట్టి, జిగురు ముద్దలా దారిని మూసేస్తుంది. పైపు చివరను బకెట్టులోని నీళ్లలో ముంచి ఉంచినా గాలి ఆడక నీరు వెనక్కి తన్నే అవకాశం ఉంది. చివర ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. ఏసీ రోజూ నడిచే కాలం మొదలయ్యే ముందు, కరెంటు తీసి, ట్రేలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, అవి బయట పైపు చివర వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే పైపు చివర నుంచి నీటిని పీల్చే వాక్యూమ్‌తో లాగించాలి. బయటి నుంచి గట్టిగా గాలి కొట్టడం నేను వద్దంటాను; ఆ జిగురంతా వెనక్కి తన్ని ట్రేలోకి వస్తుంది, ఒక్కోసారి గోడ లోపలి అతుకు ఊడిపోతుంది, గోడ ఉబ్బే దాకా ఆ సంగతి తెలియదు.

రోజువారీగా చేయగల పని మరొకటి ఉంది. ఆపే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు కూలింగ్ లేకుండా ఫ్యాన్ మాత్రమే నడిపితే కాయిల్ చాలావరకు ఆరుతుంది. కొన్ని కొత్త యంత్రాలు ఆపగానే ఈ పనిని వాటంతట అవే చేస్తాయి. మరికొన్ని కాయిల్ మీద కావాలని మంచు కట్టించి, దాన్ని కరిగించి, ఆ నీటితో దుమ్మును జార్చేస్తాయి. రెండూ ఉపయోగకరమైనవే. అయితే ఈ సదుపాయాలు బ్లోవర్ మీది పొరను తొలగించవు, కాబట్టి ఆ మీట ఉందన్న ధైర్యంతో సర్వీసింగ్ మానుకోవద్దు.

ఇప్పుడు గ్యాస్. రాగి గొట్టాల్లో తిరిగే ఆ ద్రవం పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కాయిల్‌లో వేడి తీసుకుని ఆవిరవుతుంది, బయటి యూనిట్‌లో వేడి వదిలి తిరిగి ద్రవమవుతుంది. మూసి ఉన్న దారిలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటును పట్టుకోకుండా పైనుంచి నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. గ్యాస్‌తో పాటు దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని నూనె కూడా కొద్దిగా బయటికి వస్తుంది గనుక, బయటి యూనిట్ దగ్గర నట్లు బిగించిన అతుకుల మీద జిడ్డు మరక కనిపిస్తే మొదట అనుమానించవలసినది ఆ చోటునే. పాత యంత్రాల్లో వాడిన ఆర్-22 అనే గ్యాస్ ఓజోన్ పొరకు హాని చేసేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా దాన్ని తప్పిస్తూ వచ్చారు. ఇప్పటి యంత్రాల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 ఓజోన్‌కు హాని చేయదు, కానీ దానికి కొద్దిగా మండే గుణం ఉంది. అందుచేత గ్యాస్ పని నేర్చినవారి చేతనే చేయించాలి. గొట్టాలను విప్పిన ప్రతిసారీ వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగివేసి, యూనిట్‌కు అతికించిన వివరాల పట్టీ మీద రాసి ఉన్న బరువు ప్రకారం, తూకం వేసి గ్యాస్ నింపాలి. తూకం లేకుండా చేతి అంచనాతో నింపేవారిని అడ్డుకోవడం ఇంటివారి హక్కు.

గాలి, నీరు, గ్యాస్, ఈ మూడింటిలో లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక చిన్న థర్మామీటరు చాలు. పదిహేను నిమిషాలు పూర్తి కూలింగ్‌లో నడిపాక, పైన గాలి లోపలికి పోయేచోట ఒకసారి, కింద గాలి బయటికి వచ్చేచోట ఒకసారి కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే సాధారణంగా యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. గాలి బాగా వస్తూ తేడా తక్కువగా ఉంటే గ్యాస్‌నో కంప్రెసర్‌నో బయటి యూనిట్‌నో చూడాలి. తేడా బాగానే ఉండి గాలి నీరసంగా వస్తుంటే ఫిల్టర్, కాయిల్, బ్లోవర్ చూడాలి. ఇన్వర్టర్ యంత్రం గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుంటుంది కాబట్టి గది ఇంకా వేడిగా ఉన్నప్పుడే ఈ కొలత తీసుకోవాలి.

బయటి యూనిట్‌కు కావలసినది ఒక్కటే, ఊపిరి ఆడే చోటు. గదిలోంచి తీసిన వేడినంతా అది బయట వదలాలి. ఇరుకు గూటిలో బిగించినా, ముందు సామాను పేర్చినా, అది వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుని కంప్రెసర్ ఆయాసపడుతుంది. వెనుక వైపు రేకులకు పట్టిన ఆకులు, ఈకలు, దుమ్ము తీసేసి, కరెంటు తీసిన తర్వాత మామూలు గొట్టంతో మెత్తగా నీళ్లు పోస్తే చాలు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు గాలి ఆ రేకులను తినేస్తుంది, అక్కడ ఈ కడుగుడు మరింత తరచుగా ఉండాలి.

ఎన్నాళ్లకు ఒకసారి పూర్తి సర్వీసింగ్ చేయించాలని అందరూ అడుగుతారు. అందరికీ ఒకే లెక్క చెప్పడం నాకు ఇష్టం లేదు. రోజుకు రెండు గంటలు నడిచే ఏసీకీ, రాత్రీపగలూ నడిచే ఏసీకీ ఒకే గడువు ఎలా సరిపోతుంది? వంటింటి పక్క గది, పెంపుడు జంతువులున్న ఇల్లు, రోడ్డు వైపు కిటికీ, ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంటుంది. నెలకొకసారి టార్చి తీసుకుని, యంత్రం ఆపి, గాలి సందులోంచి బ్లోవర్‌ను చూడండి. రెక్కల అంచులు విడివిడిగా కనిపిస్తే ఇంకా సమయం ఉంది. అంచులు మెత్తబడి, నూగు పట్టినట్టు కనిపిస్తే కబురు చేయండి. ఎక్కువ కాలం వాడకుండా ఆపేసే ముందు ఒక పూట ఫ్యాన్ మాత్రమే నడిపి లోపలి తడి ఆరనిచ్చి, ఫిల్టర్ కడిగి పెట్టి, రిమోట్‌లోని బ్యాటరీలు తీసేయండి.

ఇప్పుడు ఈ బ్లోవర్‌ను బయటికి తీసి, సగం వరకు మాత్రమే కడిగి, రెండు సగాలనూ పక్కపక్కన చూపిస్తాను. ముందు వరుసలో ఉన్నవారు బల్ల దగ్గరికి రావచ్చు. కాయిల్ రేకుల అంచులను మాత్రం వట్టి చేత్తో తాకకండి.